మౌనాన్ని తప్పుగా చదివిన మాస్టారు

మా మాస్టారు పోయారు. కబురు తెలిసేసరికి నేను అనంతగిరి ఘాట్‌లో బస్సులో ఉన్నాను. ఫోన్ చేసింది ఆయన ఉంటున్న కొండ ఊరి వార్డు మెంబరమ్మ. "బాబూ, మాస్టారు లెగనేదు. పొద్దుటేళ కాఫీ అట్టుకెళ్ళి పిలిసినాను, పలకనేదు. ఒళ్ళు సల్లగా అయిపోనాది. బేగి రా" అని ఒక్క గుక్కలో చెప్పి పెట్టేసింది. కిటికీ కమ్మీ పట్టుకుని మలుపు మీద మలుపు తిరుగుతూ కూర్చున్నాను. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. క్రితం వారం ఆయన నన్నొక ప్రశ్న అడిగారు. దానికి జవాబు దారి పొడుగునా నూరుకుంటూ వెళ్తున్నాను. వాదన మధ్యలో లేచి వెళ్ళిపోయే అలవాటు ఆ మనిషికి ఏనాడూ లేదు. ఇప్పుడు ఆ జవాబు ఎవరికి చెప్పుకోను?

నేను దిగేసరికి జంక్షన్‌లో ఫ్లెక్సీ కట్టేస్తున్నారు. "గిరిజన బాంధవుడికి అశ్రునివాళి" అని. ఎవరు వేయించారో తెలీదు, కింద ఫొటోలున్న చోటామోటా నాయకుల్లో ఒక్కడూ ఆయనతో ఒక పూట కూర్చున్నవాడు కాదు. బాంధవుడట! ఆ మాట ఆయన వింటే ఫ్లెక్సీ కిందే నిలబడి క్లాసు పీకేవారు. "బాంధవుడంటే ఏమిటిరా? వీళ్ళకి సొంత బంధువులు లేరా? దిక్కులేనివాళ్ళా? నేనొచ్చి బంధువునయ్యేదాకా ఈ కొండలు ఖాళీగా ఉన్నాయా?" అని. ఆయన కోపం ఎప్పుడూ మనుషుల మీద కాదు, మాటల మీద. నా కోపం మనుషుల మీద. మా ఇద్దరి తగువూ అక్కడే మొదలైంది, ముప్పాతిక జీవితం సాగింది.

ఆయన ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పేవారు. బొబ్బిలి వైపు మనిషి. నేను ఎస్.కోట పక్క పల్లె నుంచి వచ్చి ఆయన క్లాసులో పడ్డాను. అప్పటికే నాకు జెండా ఉంది, నినాదాలు ఉన్నాయి, ప్రపంచంలో ప్రతి ప్రశ్నకీ సమాధానం ఉంది. మొదటి రోజు లేచి నిలబడి, "వెనకబడిన ప్రాంతాల అభివృద్ధికి ప్రభుత్వం ఏం చేస్తోంది సార్?" అని గట్టిగా అడిగాను. ఆయన సుద్ద ముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, "కూర్చోకు, నిలబడే చెప్పు. ఎవరి వెనక పడ్డాయవి?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"వెనకబడ్డం అంటే ముందు ఎవడో నడుస్తున్నాడనే కదా. అందరూ ఒకే దారిలో వెళ్తున్నట్టే కదా. ఆ దారి ఎవడేశాడు? వీళ్ళని ఎవడైనా అడిగాడా, మీరు ఇటే వస్తారా అని?"

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మంటే. కానీ ఆ రోజు నుంచి "వెనకబడిన" అనే మాట రాయబోతే చెయ్యి ఆగుతుంది. నేను రాసిన వందల వ్యాసాల్లో ఆ మాట లేకపోవడానికి కారణం ఆయనే. నా పాఠకులకి ఇది తెలియాలి.

ఆయన పరీక్ష పేపర్లు విచిత్రంగా ఉండేవి. "అభివృద్ధి అనే మాట వాడకుండా అభివృద్ధి గురించి రాయుము." అంతే ప్రశ్న. పిల్లలు తలలు పట్టుకునేవాళ్ళు. ప్రగతి అని రాస్తే కొట్టేసేవారు, పురోగతి అని రాస్తే మళ్ళీ కొట్టేసేవారు. చివరికి ఏమీ దొరక్క, రోడ్డు అనీ, నీళ్ళు అనీ, ఆస్పత్రికి డాక్టరు రావడం అనీ రాయాల్సి వచ్చేది. "ఇదిగో, ఇప్పుడు మాట్లాడావు" అని మార్కులు వేసేవారు.

వలస పాలన వెళ్ళిపోయాక కూడా దాని ఆలోచన మన బుర్రల్లో ఎలా కాపురం ఉంటుందో చెప్పే సిద్ధాంతాలు విశ్వవిద్యాలయాల్లో చాలా మంది చెప్తారు. నేను విన్నాను. విశాఖ సముద్రం ఒడ్డున చలువ గదుల్లో, అరకు కాఫీ తాగుతూ, అణగారిన గొంతుల గురించి అణగారనివాళ్ళు మాట్లాడుకునే సదస్సులకి నేనూ వెళ్ళాను, తగువులు పెట్టుకుని బయటికొచ్చాను. మా మాస్టారు మాత్రం మమ్మల్ని కొండ కిందకి తీసుకెళ్ళి నిలబెట్టేవారు. "ఈ వాలు చూడండి. నిరుడిదాకా ఇక్కడ సామలు, చోళ్ళు పండాయి. ఇప్పుడు వదిలేశారు. మట్టి కోలుకోవాలి కదా, కొన్నేళ్ళు వదిలేస్తారు, మళ్ళీ వస్తారు. తెల్లదొరల సర్వేయరు ఇలాగే వదిలేసిన ఒక ఏడాది వచ్చాడు. బంజరు అని రాసుకుపోయాడు. ఆదివారం నాడొచ్చి, తాళం వేసున్న బడిని చూసి, ఈ ఊళ్ళో చదువు లేదని రాసుకుపోయినట్టు! దొర పోయాడు. ఆ మాట పోయిందా? ఇవాళ్టి ఆఫీసులో అదే మాట, అదే కొండ మీద." వలసానంతర సిద్ధాంతం గురించి నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఇక్కడిదాకా మా ఇద్దరికీ పేచీ లేదు. పేచీ తరవాత వచ్చింది. ఆయన ఆధునికోత్తర వాదంలోకి దిగారు. మనుషులందరికీ ఒకటే గమ్యం అని చెప్పే ఏ పెద్ద కథనీ నమ్మొద్దు అనేది అందులో సారం. "నీ సోషలిజం కూడా అలాంటి పెద్ద కథేరా. అదీ ఈ కొండవాళ్ళని వెనకబడినవాళ్ళనే అంది. దాని రైలు వేరు, పట్టాలు అవే" అన్నారు ఒకరోజు, ఈ కొండ ఊరికి వచ్చేశాక. నేను మండిపోయాను.

"పెద్ద కథలు చచ్చిపోయాయని మీరు తీరిగ్గా తద్దినం పెట్టండి మాస్టారూ. డబ్బు కథ చావలేదు. అది జేసీబీ ఎక్కి ఘాట్‌లో పైకి వస్తోంది. దాన్ని మీ చిన్నచిన్న కథలు ఆపుతాయా?"

"ఆపకపోవచ్చు. నీ పెద్ద కథలో మా పక్కింటి ముసిల్దాని పేరు ఎక్కడుందో చూపించు, నీతో వచ్చేస్తాను."

చూపించలేకపోయానని నేను ఒప్పుకోను. ఆ ముసిల్దాని భూమి పోకుండా ఆపేది పేరు కాదు, సంఘం. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆయన అలా అడిగేవారు, నాకు నిద్ర పట్టేది కాదు.

రిటైరయ్యాక ఆయన బొబ్బిలి వెళ్ళలేదు. అరకుకి అవతల, రోడ్డు ఆగిపోయి కాలిబాట మొదలయ్యే చోట ఉన్న ఒక ఊళ్ళో రేకుల ఇల్లు ఒకటి అద్దెకి తీసుకున్నారు. పెళ్ళి చేసుకోలేదు, బొబ్బిలిలో ఒక చెల్లెలు తప్ప వెనక ఎవరూ లేరు. పాలు లేని బెల్లం కాఫీ, చోడి అంబలి, ఎప్పుడైనా రాజ్మా కూర. వంట ఘోరంగా చేసేవారు. వార్డు మెంబరమ్మ ఎదురిల్లే. గుమ్మంలోంచే అరిచేది. "మాస్టారూ, ఆ కూర కుక్కకెయ్యకు, అది మా ఊరి కుక్క." ఆయన పగలబడి నవ్వేవారు. నన్ను చూసి, "ఇదిగో, ఈ బాబు మళ్ళీ వచ్చినాడు, ఇయ్యాల మాస్టారికి తిండుండదు, కేకలే" అనేది.

ఊళ్ళో ఆయన పెట్టుకున్న నియమం ఒకటి నన్ను దహించేది. మీటింగుల్లో నోరు విప్పరు. ఏ ఆఫీసరొచ్చినా, ప్యాంటూ కళ్ళజోడూ ఉన్నది ఆయనొక్కరే కనక, చూపు ఆయన మీదకే వెళ్ళేది. వెంటనే, "నన్ను చూడకండి, వాళ్ళని చూడండి" అనేవారు. కుర్చీ వేస్తే కూర్చోరు. వెనక, గోడ వారన పేపరు పరుచుకుని కూర్చుంటారు. ఒకరి తరఫున ఇంకొకరు మాట్లాడ్డం అంటే వాళ్ళ నోరు రెండోసారి మూయడం అనేది ఆయన వాదన. "మీది మౌనం కాదు మాస్టారూ, సౌకర్యం. రేప్పొద్దున్న కొండ పోతే మీకు పెన్షనుంది" అని మొహం మీదే అన్నాను. ఆయనకి కోపం రాలేదు. అదే నాకు ఇంకా కోపం.

ఆ నియమంలోంచే ఆయన ఒక వ్యాసం రాశారు, మౌనం గురించి. అధికారుల ముందు కొండ మనుషులు మాట్లాడకుండా కూర్చుంటారే, అది భయమూ కాదు, అజ్ఞానమూ కాదు. మీ భాషలో మీతో మాట్లాడబోం అనే తిరస్కారం అది. ప్రతిఘటనకి అదొక రూపం. ఇదీ వ్యాసం. చాలా అందంగా రాశారు. సదస్సుల్లో మెచ్చుకున్నారు. నేను మాత్రం "మౌనం కడుపు నింపదు" అని ఒక ఘాటైన ఖండన రాశాను. నిజానికి మా ఇద్దరి వ్యాసాలూ అచ్చయిన పత్రికలు అదే ఊళ్ళో ఒకాయన ఇంట్లో అల్లం ఆరబెట్టడానికి పరిచారు.

అప్పుడు వచ్చింది ప్రాజెక్టు. కొండ కింద ఒక చెరువు, కొండ నెత్తిన ఒక చెరువు. కరెంటు ఎక్కువున్నప్పుడు నీళ్ళు పైకి తోడతారు, తక్కువైనప్పుడు కిందకి వదిలి కరెంటు తీస్తారు. పర్యావరణానికి మంచిదట, పొగ రాదట. పై చెరువు కట్టే చోటు, కాగితాల ప్రకారం బంజరు. ఊరి ప్రకారం పసుపు, సామలు, కందులు, కొండచీపురు గడ్డి, కొండదేవత జాకరమ్మ ఉండే చోటు. చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోవాలి. కాబట్టి గ్రామసభ పెట్టారు.

బడి వరండాలో షామియానా, మైకు, రంగుల మ్యాపు. నేనూ వెళ్ళాను. తీర్మానం చదివారు. కువి భాష తెలిసిన ఉద్యోగి ఒకాయన సగం సగం చెప్పాడు. చేతులు కట్టుకుని జనం కూర్చున్నారు. "అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. "మాట్లాడేవాళ్ళుంటే రండి." ఎవరూ రాలేదు. షామియానా కింద ఒక కోడి మాత్రం తిరిగింది. నేను లేవబోతే మాస్టారు చొక్కా పట్టుకుని లాగారు. "కూర్చో. ఇది నీ సభ కాదు." బిస్కట్లూ టీ పంచి ఆఫీసర్లు వెళ్ళిపోయారు. మాస్టారి మొహం వెలిగిపోతోంది. "చూశావురా? ఒక్కడు నోరు విప్పితే ఒట్టు! ఇంతకంటే పెద్ద కాదనడం ఉంటుందా?"

పది రోజుల తరవాత పంచాయతీ గోడకి కాగితం అంటించారు. గ్రామసభలో ఎవరూ అభ్యంతరం చెప్పనందున ప్రాజెక్టుకి ఏకగ్రీవంగా ఆమోదం లభించింది, అని.

ఆ సాయంత్రం నేను ఆయన ఇంట్లోనే ఉన్నాను. వార్డు మెంబరమ్మ గుమ్మంలో నిలబడింది. మామూలుగా లోపలికొచ్చే మనిషి, ఆ రోజు రాలేదు.

"ఏటి మాస్టారూ ఇది? మేం ఔనన్నామా?"

"అనలేదు. కాదన్నారు కదా, మౌనంగా."

"కాదనీ అననేదు! ఎవుడు సెప్పినాడు కాదన్నామని? మేం ఇంకా ఏటీ అననేదు."

మాస్టారు ఆమె మొహం చూశారు. నేను ఇద్దరినీ చూస్తున్నాను.

"పిల్లని అడగడానికొచ్చినోడికి ఆ రోజే సెప్తామేటి, ఔననో కాదనో? అడిగినోడు అడిగి పోవాల. మేం ఇంటికాడ ముసిలోళ్ళతో మాటాడాల. ఆడోళ్ళతో మాటాడాల. పై కొండోళ్ళు సుట్టాలున్నారు, ఆళ్ళకీ సెప్పాల. అప్పుడు సంతకి పోతాం. అడిగినోడూ సంతకి వత్తాడు. అక్కడ సెప్తాం. పెద్ద మాటకి అడిగిన జాగాలోనే జవాబు సెప్తే మనిషికి ఇలువుంటాదా? ఈ ఆపీసరు బాబు సంతకి రానేదు. మేం సూసినాం, రానేదు. మరేటి సేస్తాం?"

"నాకెందుకు చెప్పలేదు?" అన్నారు మాస్టారు, మెల్లగా.

"నువ్వడగనేదు. పదేళ్ళై మా మొకాలు సూసి రాసుకుంటన్నావు, అడగనేదు."

ఇంత మాట పడ్డాక ఎవరైనా ఏదో ఒకటి సర్దుకుంటారు. ఆయన సర్దుకోలేదు. మంచం మీద కూలబడి, కాసేపటికి నవ్వడం మొదలెట్టారు. నాకు భయమేసింది. "మౌనానికి నేనొక అర్థం చెప్పాను, ఆఫీసరు ఒక అర్థం చెప్పాడు. నాది తిరుగుబాటు, వాడిది అంగీకారం. ఇద్దరం అడగలేదురా! నేనూ బంజరు అని రాసుకుపోయాను." ఆ మాట అంటూ నవ్వు ఆగిపోయింది.

ఇక్కడ మీరు తొందరపడి, చూశారా ఆ అమాయక గిరిజన స్త్రీ జ్ఞానం అని చప్పట్లు కొట్టకండి. ఆవిడ అమాయకురాలూ కాదు, మీ చప్పట్ల కోసమూ లేదు. రెండు ఎన్నికలు గెలిచిన మనిషి. పైగా ఆవిడకి ప్రాజెక్టు అంటే సగం ఇష్టం. ఎందుకంటే దాంతో పాటు రోడ్డు వేస్తామన్నారు. "నా కోడలు డోలీలోనే పురుడోసుకున్నాది బాబూ, వాగు మజ్జిలో. గుంట బతికినాది, తల్లి బతకనేదు. నాకు రోడ్డు కావాల" అని నాతో ఖరాఖండిగా చెప్పింది. రోడ్డుతో వచ్చే మిగతావన్నీ నేను ఏకరువు పెట్టాను. "నువ్వు రోడ్డు మీద నుంచే వచ్చినావు కదా" అంది. అంతే. నా దగ్గర ఉన్న సిద్ధాంతానికీ, మాస్టారి దగ్గర ఉన్న సిద్ధాంతానికీ కూడా ఆవిడ లొంగదు.

తరవాతి నెలలన్నీ మాస్టారు పాడేరు బస్సులోనే గడిపారు. మీటింగులో నోరు విప్పని మనిషి, ఆఫీసు వరండాల్లో పడిగాపులు కాశారు. మోకాళ్ళు నొప్పులు, బీపీ. "ఎందుకండీ మీకు, నేను చూసుకుంటాను" అంటే, "తప్పుగా చదివింది నేను, నువ్వు కాదు" అనేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అసలు దెబ్బ అక్కడ తగిలింది.

"సార్, నేను మీ వ్యాసం చదివాను. ఎం.ఏ.లో మాకు ఇదంతా ఉండేది. మౌనం కూడా ఒక భాషే అని మీరే రాశారు కదా. మేము ఆ భాషని గౌరవించాం. బలవంతంగా మాట్లాడించలేదు."

ఇది కదా నేను ఇన్నాళ్ళూ అరిచి చెప్పింది! అణగారినవాళ్ళ కోసం పుట్టిన సిద్ధాంతం ఆఫీసు బల్ల ఎక్కి అణిచేవాళ్ళ పని చేసిపెట్టడానికి ఎంతో కాలం పట్టదు. ఏ తుపాకీ అక్కర్లేదు, ఒక ఎం.ఏ. చాలు. నేను నోరు తెరవబోయాను. మాస్టారు చెయ్యి పైకెత్తారు.

"రాశాను బాబూ. తప్పు రాశాను. దిద్దుకోడానికే వచ్చాను. మౌనం భాష అయితే దానికి అర్థం ఆ భాష మాట్లాడేవాడు చెప్పాలి. మీరు చెప్పకూడదు. నేనూ చెప్పకూడదు. వాళ్ళేమంటున్నారంటే, ఇంకా జవాబు చెప్పలేదు అంటున్నారు. మీరు సభ మళ్ళీ పెట్టండి. అడిగి వచ్చేయండి. ఆ తరవాత సంతకి వెళ్ళండి."

"సంతలో ప్రభుత్వ కార్యక్రమమా సార్?"

"పెళ్ళిళ్ళు కుదురుతున్నాయి అక్కడ. మీ తీర్మానం అంతకంటే పెద్దదా?"

ఆఫీసరు నవ్వలేదు. వెంటనే ఒప్పుకోలేదు కూడా. చాలా తిప్పాడు. పై నుంచి ఏదో పరిశీలన వచ్చింది, ఏవో చట్టపు చిక్కులు తేలాయి, చివరికి సభ మళ్ళీ పెడతామన్నారు. ఆ కబురు పట్టుకుని తిరిగొస్తుంటే బస్సులో, కాఫీ తోటల్లో సిల్వరోక్ చెట్ల మీద ఎండ పడుతుంటే, మాస్టారు నా వైపు తిరిగి అడిగారు.

"ఒరే, ఈసారి వాళ్ళు నిజంగానే ఔనంటే? రోడ్డు కోసం ఔనంటే? నువ్వేం చేస్తావు?"

ఆ ప్రశ్నకే నేను వారమంతా జవాబు నూరుకున్నది. చెప్పేస్తాను, వినండి మాస్టారూ. ఔనన్నా సరే, నేను ఆ ఊరికి వెళ్ళి, మీరు తప్పు చేస్తున్నారు అని వాళ్ళతోనే వాదిస్తాను. వాళ్ళ తరఫున కాదు, వాళ్ళకి ఎదురు కూర్చుని. గౌరవించడమంటే ఏం చెప్పినా తలూపడం కాదు, తగువు పెట్టుకోడం. మీతో నేను పెట్టుకున్నట్టు. ఇదీ నా జవాబు. ఆయన దీన్ని చీల్చి చెండాడి ఉండేవారు. ఆ చీల్చి చెండాడడం లేకుండా ఈ జవాబు నా లోపల కుదురుగా కూర్చోవడం లేదు, అటూ ఇటూ పొర్లుతోంది.

ఆయన చెల్లెలు బొబ్బిలి నుంచి వచ్చారు. శవాన్ని తీసుకెళ్దామనుకున్నారు. ఊరి మగవాళ్ళు ఏమీ అనకుండా నిలబడ్డారు. ఈసారి నేను అడిగాను, "మీరేమంటారు?" అని. "తీసుకుపోతే తీసుకుపొమ్మని సెప్పు. కానీ మా పద్ధతిలో రెండు మాటలు సెప్పాల, అప్పటిదాకా ఉండాల" అన్నారు. చెల్లెలు కాసేపు ఏడ్చి, "ఇక్కడే కానీండి, ఇక్కడే కదా ఉన్నాడు" అన్నారు. కొండ వాలున, వలిసె చేను పక్కన దహనం చేశారు.

గ్రామసభ మళ్ళీ పెట్టారు. అదే వరండా, అదే షామియానా. ఆఫీసరు ప్రశ్న అడిగాడు. జనం మాట్లాడలేదు. వార్డు మెంబరమ్మ లేచి, "విన్నాం బాబూ. సంతకి రా" అంది. ఆఫీసరు తల ఊపి వెళ్ళిపోయాడు. వెనక గోడ వారన మాస్టారు కూర్చునే చోట పెద్దలెవరూ కూర్చోలేదు, అలా అని దాన్ని ఖాళీగా వదిలిందీ లేదు. పిల్లలు అక్కడ గోళీలాడుకున్నారు.

సంతకి నేను ముందే వెళ్ళాను. ఉప్పుచేపల వాళ్ళకీ చీపురు కట్టల వాళ్ళకీ మధ్యలో, నీలం టార్పాలిన్ కింద, ఆఫీసరు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పక్కన గుమాస్తా, ఒళ్ళో అట్ట మీద కాగితాలు. మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. జనం వస్తూనే ఉన్నారు, కొనుక్కుంటున్నారు, అమ్ముకుంటున్నారు, ఆయన్ని చూసి పోతున్నారు. గుమాస్తా వేడి బజ్జీలు తెప్పించుకున్నాడు. నేను చీపురు కట్టల దగ్గరకీ టీ కొట్టు దగ్గరకీ పది మార్లు తిరిగాను. ఒక్కచోట నిలవలేకపోయాను.

అప్పుడు మెంబరమ్మ వచ్చింది. "రోడ్డు కావాల. పై చెరువు వొద్దు. రెండూ ఒక్క ముడేసి అట్టుకు రాకు" అంది. గుమాస్తా, "అంటే ఔనా, కాదా?" అన్నాడు. "సెప్పినాను కదా" అని పక్కకి జరిగింది. ఆవిడ వెనక ఒక ముసలాయన. ఆయన వెనక ఇంకొకాయన. ఇంటికొకరు చొప్పున వరస కట్టారు. అందరూ కలిసి ఒక మాట అనుకుని, ఒకడు చెప్తాడని నేను అనుకున్నాను. కాదు. ఎవరి మాట వాళ్ళే తెచ్చుకున్నారు. ఎక్కువమంది వొద్దన్నారు, ఒకరన్న కారణం ఇంకొకరు అనలేదు. ఒక కుర్రాడు ఉద్యోగం ఇస్తే సరే అన్నాడు, వెనక నుంచి వాళ్ళ అత్త వీపు మీద చరిచింది. ఒకాయన, మా అన్న ఇంకా మాట్లాడలేదు, వచ్చే సంతకి చెప్తానన్నాడు. కొందరు తెలుగులో, కొందరు ఒడియాలో, కొందరు కువిలో. "ఒక్క ముక్కలో చెప్పండమ్మా, ఒక్క ముక్కలో" అని గుమాస్తా బతిమాలుతున్నాడు. జల్లు మొదలైంది. చీపుర్లమ్మే ఆవిడ తన పాలిథిన్ కవరు చింపి గుమాస్తా కాగితాల మీద కప్పింది.

చివర మాస్టారి పక్కింటి ముసిల్ది. వంగి, కుర్చీ చెయ్యి పట్టుకుని, కువిలో మొదలుపెట్టింది. అత్తగారితో కొత్తగా కొండెక్కి పసుపు దుంపలు పాతిన రోజు నుంచి మొదలుపెట్టింది. వాలు వాలుకీ ఒక పేరు, పేరు పేరుకీ ఒక సంగతి. అనువదించే ఆయన కాసేపు చెప్పి, ఊపిరి తీసుకోడానికి ఆగిపోయాడు. కింద ఆఖరి బస్సు హారన్ కొడుతోంది. వొద్దు అని ఒక్క మాట చెప్పమ్మా, అయిపోతుంది, అని నా గొంతు దాకా వచ్చింది. ఆఫీసరు కుర్చీ ముందుకి జరుపుకుని, తలమీద నీళ్ళు కారుతుంటే చెవి ఆవిడ వైపు పెట్టాడు. గుమాస్తా పెన్ను గాల్లోనే ఉంది. ఆవిడ అప్పుడే రెండో వాలు దగ్గరికి వచ్చింది.